కాలుష్యం, వ్యర్థాలు, విషశాస్త్రం: ఒకదానికొకటి దగ్గరగా కనిపించే పదాలను ఎలా వేరు చేసుకోవాలి?

ప్రశ్న: పచ్చికబయలు

నేను పర్యావరణ శాస్త్రంలో పోటీ పరీక్షకు చదువుతున్నాను. నిర్వచనాలన్నీ కంఠస్థమయ్యాయి గానీ, రెండు పదాలను పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే తడబడుతున్నాను. జీవ సంచయనం, జైవిక వృద్ధీకరణం అనే రెండింటికీ చాలా పుస్తకాల్లో డీడీటీ అనే పురుగుమందు ఉదాహరణనే ఇస్తున్నారు. అలాగే నీటి కాలుష్యాన్ని చెప్పడానికి బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) ఉండగా మళ్లీ సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం) ఎందుకు కొలుస్తారో, ఒకదానికి బదులు మరొకటి ఎందుకు సరిపోదో నాకు స్పష్టంగా తెలియడం లేదు. ఎల్‌డీ 50 విలువ ఎంత తక్కువైతే ఆ పదార్థం అంత విషపూరితమని చదివాను. అయితే ఆ విలువ ఎక్కువగా ఉన్న పదార్థం సురక్షితమని అనుకోవచ్చా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న సందేహం మరొకటి ఉంది. విషం పెద్ద నదిలోనో సముద్రంలోనో కలిస్తే పలచబడిపోతుంది కదా, మరి అంత పలచబడినది హాని ఎలా చేస్తుంది? దయచేసి నిర్వచనాలు కాకుండా, ఈ పదాల వెనుక ఉన్న ఆలోచనను వివరించగలరు.

సమాధానం 1: విషశాస్త్ర బోధకుడు

మీ సందేహాలన్నిటికీ మూలం ఒకటేనని నాకు అనిపిస్తోంది. ఈ శాస్త్రాలలో ప్రతి పదమూ, ప్రతి అంకె కూడా ఒక ప్రత్యేకమైన ప్రశ్నకు జవాబుగా పుట్టింది. ఆ ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబును మాత్రమే గుర్తుపెట్టుకుంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఏ పదం ఎదురైనా, ఇది దేనిలో కొలిచినది, ఎవరికి సంబంధించినది, ఎంత కాలానికి సంబంధించినది అని ముందుగా అడగండి.

మొదట గాఢతను, మోతాదును విడదీసి చూడాలి. గాఢత అనేది నీటిలో, గాలిలో, మట్టిలో, లేదా ఆహారంలో పదార్థం ఎంత ఉందో చెబుతుంది. మోతాదు అనేది ఒక ప్రాణి శరీరంలోకి ఎంత చేరిందో, అదీ శరీర బరువులో కిలోకు ఎంత చొప్పున చేరిందో చెబుతుంది. ఈ రెండింటికీ మధ్య ఎక్స్‌పోజర్ ఉంటుంది, అంటే ఆ మనిషి ఎంత తాగాడు, ఎన్నాళ్లు పీల్చాడు, చర్మానికి ఎంతసేపు తగిలింది అనే లెక్క. ఒకే గాఢత ఉన్న నీరు పెద్దవారికీ పసిబిడ్డకీ ఒకే మోతాదు ఇవ్వదు, ఎందుకంటే పసిబిడ్డ తన బరువుతో పోలిస్తే ఎక్కువ నీరు తాగుతుంది.

ఎల్‌డీ 50ని 1927లో ట్రెవాన్ ప్రతిపాదించారు. పరీక్షించిన జంతువులలో సగం చనిపోవడానికి కావలసిన మోతాదు అది. నోటి ద్వారా ఎలుకలకు ఇచ్చినప్పుడు సోడియం సయనైడ్‌కు ఆ విలువ కిలోకు సుమారు 6 మిల్లీగ్రాములు కాగా, మామూలు ఉప్పుకు సుమారు 3000 మిల్లీగ్రాములు. విషాలను ఒక వరుసలో నిలబెట్టడానికి ఈ అంకె పనికొస్తుంది. అయితే అది అడిగే ప్రశ్న చాలా ఇరుకైనది: ఒక్కసారి ఇచ్చినప్పుడు, కొద్ది రోజుల్లో, ఎంత ఇస్తే చావు వస్తుంది? ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తీసుకుంటే మూత్రపిండాలకు ఏమవుతుంది, గర్భంలోని శిశువుకు ఏమవుతుంది, 20 ఏళ్ల తరువాత క్యాన్సర్ వస్తుందా అనే ప్రశ్నలకు అందులో జవాబు లేదు. కాబట్టి ఎల్‌డీ 50 ఎక్కువగా ఉన్న పదార్థం సురక్షితమని అనుకోకూడదు. తీవ్ర విషత్వం, దీర్ఘకాలిక విషత్వం అని రెండుగా విభజించడానికి కారణం కూడా ఇదే.

దీర్ఘకాలిక ప్రభావం కోసం వేరే పద్ధతి అనుసరిస్తారు. జంతువులకు చాలా కాలం వేర్వేరు మోతాదులు ఇచ్చి, ఏ చెడు ప్రభావమూ కనిపించని అత్యధిక మోతాదును గుర్తిస్తారు. దాన్ని సాధారణంగా 100తో భాగించి, మనిషి జీవితాంతం రోజూ తీసుకోదగిన పరిమితిని నిర్ణయిస్తారు. ఆ 100లో ఒక పది జంతువుకూ మనిషికీ ఉన్న తేడా కోసం, మరో పది మనుషుల్లో ఒకరికీ మరొకరికీ ఉన్న తేడా కోసం.

ఇక హానికారకత, ముప్పు అనే జంటను మీరు అడగకపోయినా చెప్పి తీరాలి, ఎందుకంటే పత్రికలు ఎక్కువగా గందరగోళపడేది ఇక్కడే. హానికారకత పదార్థం స్వభావంలో ఉంటుంది. ముప్పు ఆ స్వభావమూ ఎక్స్‌పోజరూ కలిసినప్పుడు పుడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని తన మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని తేలిన వాటిలో, చేర్చినప్పుడు, పొగాకు కూడా అదే వర్గంలో ఉంది కాబట్టి రెండూ సమానంగా ప్రమాదకరమని చాలామంది భావించారు. ఆ వర్గీకరణ చెప్పేది ఫలానా పదార్థం క్యాన్సర్ కలిగిస్తుందనడానికి సాక్ష్యం ఎంత బలంగా ఉందన్నది మాత్రమే. ఎంతమందికి, ఎంత తీసుకుంటే వస్తుందన్నది దాని పరిధిలోనిది కాదు.

సమాధానం 2: ఎస్‌టీపీ ప్రయోగశాల

నేను మురుగునీటి శుద్ధి కేంద్రంలో పరీక్షలు చేసే పనిలో ఉన్నాను కాబట్టి బీఓడీ, సీఓడీల వరకు వివరిస్తాను.

బీఓడీ అంటే నీటిలోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటూ ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే కొలత. నమూనాను సీసాలో గాలి చొరబడకుండా మూసి, చీకట్లో, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 రోజులు ఉంచి, మొదట ఉన్న ఆక్సిజన్‌కూ చివర మిగిలిన ఆక్సిజన్‌కూ తేడా చూస్తారు. భారతదేశంలో 27 డిగ్రీల వద్ద 3 రోజుల పద్ధతి కూడా వాడుకలో ఉంది. సీఓడీలో సూక్ష్మజీవులకు పనిలేదు. ఆమ్లంలో పొటాషియం డైక్రోమేట్ వేసి సుమారు 2 గంటలు మరిగిస్తే, ఆ నీటిలో రసాయనికంగా ఆక్సీకరణం చెందగలిగినదంతా దాదాపుగా ఆక్సీకరణం చెందుతుంది. సూక్ష్మజీవులు తినగలిగినదీ తినలేనిదీ రెండూ ఇందులో లెక్కకు వస్తాయి కాబట్టి ఒకే నమూనాకు సీఓడీ దాదాపు ఎప్పుడూ బీఓడీ కంటే ఎక్కువగానే ఉంటుంది.

ఒకదానికి బదులు మరొకటి ఎందుకు సరిపోదన్న మీ ప్రశ్నకు జవాబు ఈ రెండింటి నిష్పత్తిలో దొరుకుతుంది. ఇళ్ల నుంచి వచ్చే మురుగునీటిలో బీఓడీ సాధారణంగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది, సీఓడీ దానికి సుమారు రెట్టింపు ఉంటుంది. అలాంటి నీటిని గాలి కొట్టే ట్యాంకులోకి పంపితే సూక్ష్మజీవులే చాలావరకు శుభ్రం చేస్తాయి. అదే సీఓడీ చాలా ఎక్కువగా ఉండి బీఓడీ అందులో ఐదో వంతు కూడా లేకపోతే, ఆ నీటిలో సూక్ష్మజీవులకు కొరుకుడు పడని రసాయనాలైనా ఉండాలి, లేదా సూక్ష్మజీవులను చంపే విషమైనా ఉండాలి. ఈ రెండో అవకాశాన్ని విద్యార్థులు తరచూ మరచిపోతారు. పరిశ్రమ నుంచి వచ్చిన నీటిలో బీఓడీ తక్కువగా కనిపించగానే అది మంచి నీరని సంతోషించడానికి లేదు, సీసాలోని సూక్ష్మజీవులే చనిపోయి ఉండవచ్చు.

మీ పలచబడటం ప్రశ్నకు ఇక్కడ ఒక పాక్షిక సమాధానం ఉంది. 20 డిగ్రీల వద్ద మంచినీటిలో కరిగి ఉండగలిగిన ఆక్సిజన్ లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. 250 బీఓడీ ఉన్న మురుగు అంత కొద్ది నిల్వ మీదే వచ్చి పడుతుంది. నదిలో ప్రవాహం బాగా ఉన్నప్పుడు గాలి నుంచి కొత్త ఆక్సిజన్ చేరుతూ ఉంటుంది, మురుగు పలచబడుతుంది, కొంత దూరం పోయాక నది కోలుకుంటుంది. ఈ విషయంలో పలచబడటం నిజంగానే మేలు చేస్తుంది. వేసవిలో ప్రవాహం తగ్గి, నీరు వేడెక్కి, ఆక్సిజన్ నిల్వ తగ్గినప్పుడు అదే మురుగు చేపలను చంపేస్తుంది. చేరే కాలుష్యం పెరగకపోయినా నది తట్టుకునే శక్తి తగ్గిపోతుంది.

నైట్రోజన్, ఫాస్ఫరస్‌ల సంగతి దీనికి భిన్నం. అవి స్వయంగా విషాలు కాకపోయినా చెరువులో శైవలాలను విపరీతంగా పెంచుతాయి. ఆ శైవలాలు చచ్చి కుళ్లినప్పుడు అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. దీన్నే యూట్రోఫికేషన్ అంటారు. బీఓడీ బాగా తగ్గించిన నీటిలో కూడా ఈ రెండు పోషకాలు మిగిలి ఉండవచ్చు కాబట్టి, శుద్ధి చేసిన నీరంటే హాని చేయని నీరని తేల్చేయకూడదు.

సమాధానం 3: ఉప్పుటేరు

పలచబడటం గురించి మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది, ఎందుకంటే చాలాకాలం పాటు పరిశ్రమలూ ప్రభుత్వాలూ కూడా ఆ నమ్మకంతోనే నడిచాయి. పై సమాధానంలో చెప్పినట్లు కుళ్లిపోయే పదార్థాల విషయంలో అది కొంతవరకు నిజం. కుళ్లిపోని పదార్థాలను ప్రాణులు మళ్లీ కూడబెడతాయి.

ఇక్కడ మూడు పదాలు ఉన్నాయి. చేప తన మొప్పల ద్వారా నీటి నుంచి నేరుగా పదార్థాన్ని తీసుకుని, తన చుట్టూ ఉన్న నీటిలో కంటే ఎక్కువ గాఢతకు చేర్చుకోవడం జీవ సాంద్రీకరణం. నీటితో పాటు ఆహారం, అడుగు మట్టి మొదలైన అన్ని మార్గాల నుంచి ఒకే ప్రాణి శరీరంలో, విసర్జన కంటే రాబడి ఎక్కువై, కాలం గడిచేకొద్దీ పేరుకుపోవడం జీవ సంచయనం. ఆహారపు గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లేకొద్దీ గాఢత పెరుగుతూ పోవడం జైవిక వృద్ధీకరణం. జీవ సంచయనాన్ని చూడాలంటే ఒక ప్రాణిని దాని జీవితకాలం పొడవునా పరిశీలించాలి. వృద్ధీకరణాన్ని చూడాలంటే ఒకే సమయంలో వేర్వేరు మెట్లలోని ప్రాణులను పోల్చాలి.

డీడీటీలో ఈ రెండూ జరుగుతాయి కాబట్టి అది తేడా తెలుసుకోవడానికి అంతగా ఉపయోగపడని ఉదాహరణ అని నా అభిప్రాయం. సీసం (లెడ్) అనే లోహాన్ని తీసుకోండి. అది కాల్షియంలా ప్రవర్తించి ఎముకల్లో చేరుతుంది, అక్కడ దాని అర్ధాయువు పదుల సంవత్సరాలు. కనుక జీవ సంచయనం స్పష్టంగా ఉంది. అయినా ఆహారపు గొలుసులో పైకి వెళ్లేకొద్దీ సీసం సాధారణంగా వృద్ధి చెందదు. వృద్ధీకరణం జరగాలంటే పదార్థం చాలాకాలం చెక్కుచెదరకుండా ఉండాలి, శరీరం దాన్ని విరగ్గొట్టలేకపోవాలి, పైగా అది తినేవాడికి సులభంగా ఒంటబట్టే భాగంలో ఉండాలి. డీడీటీ కొవ్వులో ఉంటుంది, పాదరసపు సేంద్రియ రూపమైన మిథైల్ మెర్క్యురీ కండరాల్లోని ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. కొవ్వులో కరిగే పదార్థాలు మాత్రమే వృద్ధి చెందుతాయని రాసిన చోట ఈ రెండోదాన్ని గుర్తుచేసుకోండి.

పాఠ్యపుస్తకాల్లోని డీడీటీ అంకెలను కూడా ఈ దృష్టితో ఒకసారి మళ్లీ చదవండి. జంతు ప్లవకాల్లో (నీటిలో తేలే సూక్ష్మ జంతువుల్లో) 0.04 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 0.04 భాగం, చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, చేపలను తినే పక్షుల్లో 25. పక్షి నీటిని తాగి అంత డీడీటీని చేర్చుకోలేదు. తన ఆహారం తిన్న ఆహారం తిన్నదంతా దాని శరీరానికి చేరింది. డీడీటీ నుంచి ఏర్పడే డీడీఈ వల్ల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగేటప్పుడే పగిలి, డేగల వంటి పక్షుల సంతతి దెబ్బతింది. పెద్ద పక్షి చచ్చిపడనవసరం లేకుండానే జాతి తగ్గిపోయింది. ఎల్‌డీ 50 ఈ నష్టాన్ని చూపించలేదు.

జపాన్‌లోని మినమాటాలో జరిగినది తెలుసుకుంటే ఈ పదాలన్నీ ఒకచోట కలుస్తాయి. అక్కడ చిస్సో సంస్థ కర్మాగారం అసిటాల్డిహైడ్ తయారీలో పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడి, వ్యర్థజలాన్ని 1932 నుంచి 1968 వరకు సముద్రంలోకి వదిలింది. 1956లో వ్యాధిని అధికారికంగా గుర్తించారు. ఆ సముద్రపు నీటిని తాగినవారు ఎవరూ లేరు. చేపలు తిన్నవారికి, ఆ చేపలు తిన్న పిల్లులకు నరాలు దెబ్బతిన్నాయి. తల్లికి పెద్దగా లక్షణాలు కనిపించకపోయినా, గర్భంలోనే విషం సోకిన పిల్లలు తీవ్రమైన వైకల్యంతో పుట్టారు. సముద్రం అంతటి విస్తారమైనదీ వారిని కాపాడలేకపోయింది. పాదరసంపై 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి మినమాటా పేరే పెట్టారు.

ఇదే ఉదాహరణలో మరో పాఠం ఉంది. మూలకం పేరు మాత్రమే చెబితే విషత్వం తెలియదు, అది ఏ రూపంలో ఉందో చెప్పాలి. లోహరూపంలోని పాదరసం మింగితే పేగుల నుంచి చాలా కొద్దిగానే ఒంటబడుతుంది, దాని ఆవిరిని పీల్చితే ప్రమాదం, మిథైల్ మెర్క్యురీ అయితే తిన్నదంతా దాదాపుగా ఒంటబడుతుంది. ఆర్సెనిక్ కూడా అంతే. సముద్రపు చేపల్లో ఎక్కువగా ఉండే ఆర్సెనోబీటైన్ దాదాపు హానిలేనిది, భూగర్భజలంలోని అకర్బన ఆర్సెనిక్ క్యాన్సర్ కారకం. మొత్తం ఆర్సెనిక్ ఇంత అని మాత్రమే ఇచ్చిన నివేదికతో చేప గురించి ఏమీ తేల్చలేము.

ప్రశ్న వేసినవారి స్పందన: పచ్చికబయలు

ముగ్గురికీ ధన్యవాదాలండీ. సీసం ఉదాహరణతో రెండు పదాలూ విడిపోయాయి. ఇప్పుడు కొత్త సందేహం వచ్చింది. కుళ్లిపోని పదార్థాలే అసలు సమస్య అయితే, అలాంటి వ్యర్థాలను కాల్చేస్తే సరిపోతుంది కదా? ల్యాండ్‌ఫిల్‌లో పూడ్చడం కంటే అది మేలు కాదా? బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న ప్లాస్టిక్ వాడితే ఈ సమస్య తప్పుతుందా?

సమాధానం 4: ఘనవ్యర్థాల ఇంజనీరు

కాల్చడం వల్ల వ్యర్థాల ఘనపరిమాణం సుమారు 90 శాతం తగ్గుతుంది, రోగకారక జీవులు నశిస్తాయి, సేంద్రియ విషాలు విచ్ఛిన్నమవుతాయి. అయితే లోహాలు కాలిపోవు. సీసం, కాడ్మియం బూడిదలోకి చేరతాయి, పాదరసం ఆవిరై పొగతో వెళుతుంది. కొలిమి అడుగున మిగిలే బూడిద వేరు, పొగ నుంచి వడపోతల్లో పట్టుకునే సన్నని బూడిద వేరు. రెండోదానిలో విషలోహాలు, డయాక్సిన్లు చాలా ఎక్కువగా ఉంటాయి కనుక దాన్ని ప్రమాదకర వ్యర్థంగా పరిగణించి ప్రత్యేకంగా భద్రపరచాలి.

డయాక్సిన్లు ఎవరూ కావాలని తయారుచేయని విషాలు. క్లోరిన్ ఉన్న పదార్థాలు సరిగా మండనప్పుడు అవి పుడతాయి. 1976లో ఇటలీలోని సెవెసోలో రసాయన కర్మాగారంలో జరిగిన ప్రమాదంతో వీటి పేరు ప్రపంచానికి తెలిసింది. ఐరోపా నిబంధనల ప్రకారం ఇన్సినరేటర్‌లో, అంటే వ్యర్థాలను కాల్చే కొలిమిలో, వాయువు కనీసం 2 సెకన్ల పాటు 850 డిగ్రీల వద్ద ఉండాలి. అంత వేడిలో అవి విచ్ఛిన్నమైనా, పొగ చల్లబడుతూ 400 నుంచి 200 డిగ్రీల మధ్యకు వచ్చినప్పుడు బూడిద రేణువుల మీద మళ్లీ ఏర్పడగలవు. అందుకే పొగను ఆ మధ్య దశలో నిలవనీయకుండా వేగంగా చల్లబరుస్తారు. ఇంత ఏర్పాటు ఉన్న ఇన్సినరేటర్‌ను, చెత్తకుప్పకు నిప్పు పెట్టడాన్ని "కాల్చడం" అనే ఒకే మాటతో పిలవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. కుప్పకు పెట్టిన నిప్పులో వేడి తక్కువ, గాలి చాలదు, వడపోత అసలే ఉండదు. విషం పుట్టడానికి అంతకంటే అనువైన పరిస్థితి మరొకటి లేదు.

పూడ్చడంలో కూడా ఇలాంటి తేడాయే ఉంది. డంపింగ్ యార్డ్ అంటే చెత్త పోసి వదిలేసిన నేల. ల్యాండ్‌ఫిల్ అంటే అడుగున గట్టి బంకమట్టి, దానిపై మందపాటి ప్లాస్టిక్ పొర, ఆ పైన ద్రవాన్ని సేకరించే గొట్టాలు, పై నుంచి కప్పే మట్టి, వాయువును లాగే బావులు ఉన్న నిర్మాణం. చెత్త గుండా ఇంకిన వాననీరు దానిలోని పదార్థాలను కరిగించుకుని కిందికి దిగే నల్లని ద్రవమే లీచేట్. కొత్త చెత్త నుంచి వచ్చే లీచేట్ ఆమ్లగుణంతో ఉంటుంది, లోహాలను కరిగిస్తుంది, దాని బీఓడీ చాలా ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ సూక్ష్మజీవులు తినగలిగినదంతా తినేస్తాయి కనుక బీఓడీ పడిపోతుంది, సీఓడీ, అమ్మోనియా మిగిలిపోతాయి. రెండో సమాధానంలో చెప్పిన నిష్పత్తి మాకు పనికొచ్చేది ఇక్కడే: దాన్ని చూసి ఆ చెత్త ఏ దశలో ఉందో చెప్పవచ్చు, ఏ శుద్ధి పద్ధతి పనిచేస్తుందో నిర్ణయించవచ్చు.

గాలి అందని చెత్తలో పుట్టే వాయువులో సుమారు సగం మీథేన్. వందేళ్ల లెక్కన చూస్తే అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అందుచేత తడిచెత్తను విడిగా తీసి కంపోస్టు చేయడం అన్నిటికంటే ముందుగా జరగవలసిన పని. లీచేట్, మీథేన్ రెండూ ప్రధానంగా తడిచెత్త నుంచే వస్తాయి.

బయోడిగ్రేడబుల్ (సూక్ష్మజీవులు కుళ్లబెట్టగలిగినది) అనే మాట ఎంతకాలంలో, ఏ పరిస్థితుల్లో అని చెప్పకపోతే అసంపూర్ణం. కంపోస్టబుల్ అనే మాటకు మాత్రం ప్రమాణాలు ఉన్నాయి. ఐరోపా ప్రమాణం ప్రకారం పారిశ్రామిక కంపోస్టు పరిస్థితుల్లో 6 నెలల లోపల కనీసం 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌కు సుమారు 60 డిగ్రీల వేడి నిలిచి ఉంటేనే ఇది సాధ్యం. అదే వస్తువు చల్లని సముద్రపు నీటిలో పడితే మామూలు ప్లాస్టిక్ లాగే ఏళ్ల తరబడి ఉంటుంది. కొన్ని ప్లాస్టిక్‌లు ఎండకు పొడిపొడి అవుతాయి గానీ అది కుళ్లడం కాదు. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు, కంటికి కనిపించకుండా పోయినా పదార్థం అక్కడే ఉంటుంది.

సమాధానం 5: గాలిమర

మొదటి సమాధానంలోని ఒక విషయానికి చిన్న సవరణ అవసరమని భావిస్తున్నాను. ప్రభావం కనిపించని మోతాదును 100తో భాగించే పద్ధతి, ఒక అవధికి లోపల శరీరం తట్టుకుంటుందన్న ఊహ మీద ఆధారపడింది. పిల్లల మెదడు మీద సీసం చూపే ప్రభావానికి అలాంటి సురక్షితమైన అవధి ఇంతవరకు కనబడలేదు. జన్యుపదార్థాన్ని నేరుగా దెబ్బతీసే క్యాన్సర్ కారకాలకు కూడా అవధి లేదనే భావిస్తారు. అక్కడ సురక్షిత మోతాదు అని కాకుండా, ఎంత తక్కువ మోతాదుకు ఎంత తక్కువ ముప్పు అనే లెక్క వేస్తారు.

గాలి విషయంలో కూడా ఇదే ధోరణి కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పీఎం 2.5కు (గాలిలోని 2.5 మైక్రోమీటర్ల లోపు సన్నని రేణువులకు) వార్షిక సగటు మార్గదర్శక విలువను 2005లో ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములుగా ఉంచి, 2021లో 5కు తగ్గించింది. తక్కువ గాఢతల వద్ద కూడా హాని జరుగుతుందన్న సాక్ష్యం పెరగడమే దానికి కారణం. ఒక ఆచరణాత్మక హెచ్చరిక కూడా చెబుతాను. నీటిలో 1 పీపీఎం అంటే లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము. గాలిలో వాయువులకు పీపీఎం అంటే ఘనపరిమాణాల నిష్పత్తి, దాన్ని మిల్లీగ్రాములకు మార్చాలంటే ఆ వాయువు అణుభారం, ఉష్ణోగ్రత, పీడనం కావాలి. పరీక్షలో లెక్క ఇచ్చినప్పుడు అది నీటి గురించా గాలి గురించా అన్నది మొదట చూసుకోండి.